కోడి రంగు – వంశరహస్యం

జల్‌పల్లిలో నాకొక మిత్రుడున్నాడు. పెరట్లో కోళ్లను పెంచుతాడు. కూరకు కాదు, రంగు కోసం. నీలివన్నె తిరిగిన బూడిదరంగు పుంజునూ, అదే రంగు పెట్టనూ ఎక్కడనుంచో సంపాదించాడు. మందంతా ఆ రంగే కావాలని ఆయన పట్టుదల.

పొదిగిన పిల్లలు పదకొండు. ఈకలు తొడిగేసరికి ఆరు బూడిదరంగువి, మూడు నల్లవి, మిగిలిన రెండూ తెల్లటి వొంటిమీద బూడిద మరకలవి!

"చూశారా లెక్చరర్ సాబ్! పెట్ట గోడ దూకింది. జాతి చెడింది" అంటూ ఆ అయిదింటినీ అయినకాడికి అమ్మేశాడు. మరుసటి యేడూ అదే కథ. పెట్టనే అమ్మేద్దామనుకున్నాడు.

పాపం, పెట్ట చేసిన నేరమేమీ లేదు.

రంగుల మీద మనవాళ్లకు మక్కువ పాతదే. కాకి, సేతు, డేగ, నెమలి, పింగళ అని పేర్లు పెట్టి, ఏ రంగుకు ఏ రోజు జయమో కుక్కుటశాస్త్రంలో రాసుకున్నారు. హైదరాబాదు పాతబస్తీ వారికి ప్రియమైనది అసీలు. ఆ మాటా, మన 'అసలు'అనే మాటా వొకే అరబ్బీ ధాతువునుంచి పుట్టినవే. అయితే ఆ అసలుజాతిలోనూ నల్లని కాగర్, బంగారువన్నె పీలా, తెల్లని నూరీ వున్నాయి. రంగు వేరు, జాతి వేరు.

మరి రంగు ఎలా వస్తుంది? బఠాణీ మొక్కల్లో మెండెల్ 1866లో ప్రకటించిన సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని ఇంగ్లండులో బేట్సన్ 1902లో చూపించాడు. అందుకు ఆయన వాడుకున్నది కోళ్లనే.

ప్రతి పిల్లకూ తండ్రినుంచి వొక పాలు, తల్లినుంచి వొక పాలు సంక్రమిస్తుంది. నలుపును పలచబరిచే జన్యువొకటుంది. కాఫీ డికాక్షనులో పాలు పోసినట్టే దాని పని. అది రెండువైపులా లేకపోతే పిల్ల నల్లన. వొకవైపునుంచి వస్తే బూడిదరంగు. రెండువైపులనుంచీ వస్తే తెలుపుమీద మరకలు. స్పెయిన్ దేశపు ఆండలూషియా కోళ్లలో యిది ప్రసిద్ధం. కనుక బూడిదరంగు జంటకు సగటున సగం పిల్లలే ఆ రంగువి. పాతికవంతు నల్లవి, పాతికవంతు మరకలవి. ఎన్ని తరాలు ఏరినా లెక్క మారదు.

కోళ్లు పెంచేవారు మరో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పుంజును విడదీశాక కూడా పెట్టలో దాని బీజం రెండు మూడు వారాలు నిలుస్తుంది. అందుచేత పుంజును మార్చినప్పుడు అన్నాళ్లు ఆగి గుడ్లు దాచాలి. రంగుమోజులో అన్నాచెల్లెళ్లనే తరతరాలుగా జతకడితే గుడ్లు పొదగవు, పిల్లలు నీరసిస్తాయి.

యిదంతా విని మా మిత్రుడు, "అయితే నా మంద ఎప్పటికీ వొకే రంగు కాదా?" అన్నాడు దిగులుగా.

"ఎందుకు కాదు? నల్లపుంజునూ మరకల పెట్టనూ జతకట్టండి. ప్రతి పిల్లా బూడిదరంగే!"

ఆయన నోట మాట రాలేదు. మరునాడు, తాను అమ్మిన కోళ్లను వెతుక్కుంటూ బయలుదేరాడు. రెట్టింపు ధర యిచ్చి తెచ్చుకున్నాడని తరువాత తెలిసింది.