పేరు అడిగే గేటు, రుజువు అడిగే గేటు

ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నాయి. అయినా ఏ కాలువకు ఎంత నీరన్నది తేలేది ఆ గేట్ల దగ్గర కాదు, గట్టువారనున్న తల తూముల దగ్గర. నదిని నిలబెట్టడం ఒక పని, నీటిని పంచడం మరో పని. ఇంటి ఇంటర్నెట్‌కూ ఇలాంటి రెండు పనులున్నాయి. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, నెట్టు, టీవీ, ఫోను మూడింటినీ నెలకు 149 రూపాయల ధరతో పల్లెల్లోకి తెచ్చింది. లైను గుమ్మం దాకా రావడంతో మొదటి పని అయిపోతుంది. ఇంట్లోని ఫోన్లు, టీవీ, సీసీ కెమెరాల్లో దేన్ని లోపలికి రానివ్వాలి, దేన్ని ఆపాలి అన్న రెండో పని రౌటర్‌ది. అందుకు దాని దగ్గర రెండు పద్ధతులున్నాయి. ఒకటి వచ్చినవాడి పేరు అడిగి తన దగ్గరున్న జాబితాలో చూసుకుంటుంది, రెండోది రుజువు అడుగుతుంది. చాలామంది మొదటిదాన్నే కాపలా అనుకుంటారు. అది కాపలా కాదు, హాజరుపట్టీ మాత్రమే.

ఆ పేరే మ్యాక్ అడ్రస్. జిరాక్స్‌లో పనిచేసిన యోగేన్ దలాల్, రాబర్ట్ ప్రింటిస్ 1981లో ప్రచురించిన పత్రంలో దీని వెనకున్న ఆలోచన స్పష్టంగా కనిపిస్తుంది: ప్రపంచంలో ఏ రెండు యంత్రాలకూ ఒకే అంకె రాకూడదు. అందుకని 48 బిట్లు తీసుకున్నారు. అంటే సుమారు 281 లక్షల కోట్ల పేర్లు. ముందు సగం తయారీ సంస్థకు కేటాయించిన అంకె, వెనక సగం ఆ సంస్థ తన యంత్రాలకు వేసుకునే వరుస అంకె. ఉత్తరం సరైన ఇంటికి చేరడానికి పెట్టిన చిరునామా ఇది, మనిషిని పోల్చుకోవడానికి పెట్టింది కాదు. వైఫైలో సందేశం లోపలి సరుకుకు తాళం పడుతుంది గానీ, చిరునామా బయటే ఉంటుంది. ఉండక తప్పదు, ఆ సందేశం తనదో కాదో ప్రతి పరికరానికీ తెలియాలి కదా. కనుక పక్కవాటాలో కూర్చుని ఆ సందేశాలను వినేవారికి అనుమతి ఉన్న పేర్లన్నీ దొరుకుతాయి. వాటిలో ఒకటి తన ల్యాప్‌టాప్‌కు పెట్టుకోవడం ఒక్క ఆదేశంతో అయ్యే పని.

పక్కింటివాళ్లకు అంత విద్య ఎక్కడుంటుంది అనవచ్చు. నిజమే, కానీ ఈ జాబితాను చెడగొట్టడానికి దొంగే అక్కర్లేదు, మన ఫోన్లే చాలు. దుకాణాలూ మాల్సూ మ్యాక్ అడ్రస్ పట్టుకుని మనుషుల కదలికలను గమనించే వీలుందని 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 ఒక్కో వైఫైకి ఒక్కో మారుపేరు చెప్పడం మొదలుపెట్టాయి. దీన్ని కంటితోనే పట్టుకోవచ్చు. రౌటర్ పేజీలో కనిపించే పన్నెండు అక్షరాల అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఎ, ఇ వీటిలో ఏదైనా అయితే, అది కంపెనీ ఇచ్చిన పేరు కాదు, పరికరం తనకు తాను పెట్టుకున్నది. పిల్లవాడి ఫోనును నిషేధిత జాబితాలో వేశారనుకోండి, ఫోనులోని మారుపేరు సెట్టింగును ఒక్కసారి మారిస్తే అది కొత్త పేరుతో దర్జాగా లోపలికి వస్తుంది.

రుజువు అడిగే పద్ధతి అందం వేరు. డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతిలో పాస్‌వర్డ్ గాలిలో ఒక్కసారి కూడా ప్రయాణం చేయదు. ఫోనూ రౌటరూ ఎవరికి వారు పాస్‌వర్డ్‌ను వైఫై పేరుతో కలిపి 4096 సార్లు గణితంలో నూరి ఒక మూల తాళంచెవి చేసుకుంటాయి. రౌటర్ అప్పటికప్పుడు పుట్టించిన ఒక అంకె పంపుతుంది. ఫోను తనూ ఒక అంకె పుట్టించి, రెండు అంకెలనూ ఇద్దరి చిరునామాలనూ మూల తాళంచెవితో కలిపి ఆ పూటకు పనికొచ్చే కొత్త తాళంచెవి తయారుచేస్తుంది. తన అంకెను ఆ తాళంచెవితో వేసిన ముద్రతో పంపుతుంది. రౌటర్ అదే లెక్క తనూ చేసి చూస్తుంది. ముద్ర సరిపోయిందంటే ఎదుటివారికి పాస్‌వర్డ్ తెలిసినట్టే. తర్వాత రౌటరూ తన ముద్ర వేసి పంపాలి, లేకపోతే ఫోను దాన్ని నమ్మదు. రహస్యం బయటపడకుండానే ఇద్దరికీ అది తెలుసని తేలిపోయింది! అంకెలు ప్రతిసారీ కొత్తవి కాబట్టి నిన్నటి సంభాషణను ఎవరైనా రికార్డు చేసుకున్నా ఇవాళ దాంతో లోపలికి రాలేరు.

పాస్‌వర్డూ వీధంతా పాకుతుంది కదా అన్న అభ్యంతరంలో బలముంది. కానీ పాకిన పాస్‌వర్డ్‌ను మార్చేయవచ్చు. చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా ఇవ్వవచ్చు. అసలు లోపం ఇంకొకటి: ఆ ముద్రను పట్టుకుపోయినవారు తీరిగ్గా కూర్చుని లక్షల పదాలు వేసి చూడవచ్చు, ఊరి పేరో ఫోన్ నంబరో పెట్టినవాళ్లది త్వరగా దొరికిపోతుంది. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 దీన్ని సరిదిద్దింది. ప్రతి ఊహకూ రౌటర్‌తో మళ్లీ మాట్లాడాల్సిందే. అలాగని జాబితాను పారేయనక్కర్లేదు. రాత్రి పదికి ట్యాబ్‌కు నెట్టు ఆపడానికి అది పనికొస్తుంది, ఆ ట్యాబ్‌లో మారుపేరు ఆపి ఉంచితే. ఇంట్లోవాళ్లు ఒప్పుకున్న నియమాన్ని గుర్తుచేయడం దాని పని, బయటివాళ్లను ఆపడం పాస్‌వర్డ్ పని. కాబట్టి ముందు పొడవైన పాస్‌వర్డ్, ఆ తర్వాతే జాబితా.