గడిలో పడే వాన

2025 ఆగస్టు 17 రాత్రి. మఖ కార్తె మొదలయ్యే రోజులు. మహారాష్ట్ర నాందేడ్ జిల్లా ముఖేడ్ తాలూకాలో లెండి ప్రాజెక్టు పరీవాహక ప్రాంతంలో ఒక్క రోజులో 206 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఎగువన లాతూర్ జిల్లా ఉద్గీర్ వైపు నుంచీ, కర్ణాటక నుంచీ వరద తోడైంది. రావన్‌గావ్, హస్నాల్ లాంటి ఊళ్లు మునిగాయి. ప్రాణాలు పోయాయి. సైన్యం రావాల్సి వచ్చింది.

200 మిల్లీమీటర్లంటే జానెడు లోతు కూడా ఉండదు. అదే నీరు 12 కిలోమీటర్ల పొడవు, 12 కిలోమీటర్ల వెడల్పున్న నేలంతా నిలిస్తే 2.88 కోట్ల ఘనపు మీటర్లు. రైతులకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే, ఒక టీఎంసీ!

ఈ 12 కిలోమీటర్లు ఊరికే తీసుకున్న లెక్క కాదు. మొన్నమొన్నటి దాకా మన వాతావరణ శాఖ ప్రపంచ మోడల్‌లో ఒక్కో గడి కొలత అదే. కంప్యూటర్ మోడల్ చేసే పని ఇదీ: వాతావరణాన్ని అడ్డంగా, నిలువుగా గళ్లుగా కోస్తుంది. ప్రతి గడికీ గాలి, వేడి, తేమ, పీడనం అంకెలిస్తుంది. భౌతికశాస్త్ర సూత్రాలతో కొద్ది నిమిషాల తర్వాత ఆ అంకెలు ఏమవుతాయో లెక్కగడుతుంది. వచ్చిన జవాబు మీద మళ్లీ లెక్క, దాని మీద మళ్లీ. అలా పది రోజుల ముందుకు వెళుతుంది.

చిక్కంతా గడి లోపల ఉంది. ఉరుముల మేఘం అడ్డంగా అయిదో పదో కిలోమీటర్లుంటుంది. 12 కిలోమీటర్ల గడిలో నాలుగో వంతు నేల మీద 200 మిల్లీమీటర్లు కురిసి, మిగతాది పొడిగా ఉందనుకోండి. గడి సగటు 50. కుండపోత కాస్తా మామూలు పెద్దవానలా కనిపిస్తుంది. పైగా అంత పెద్ద గడికి మేఘమే కనబడదు. ఇంత ఉక్క, ఇంత తేమ ఉంటే ఇంత వాన పడవచ్చని మోడల్ ఒక అంచనా సూత్రం పెట్టుకుంటుంది.

అందుకే గడి చిన్నదవ్వాలి. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం శాస్త్రవేత్తలు తయారుచేసిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 2025 మే 26న 6 కిలోమీటర్ల గడితో అమల్లోకి వచ్చింది. నాందేడ్ జిల్లా విస్తీర్ణం సుమారు 10,500 చదరపు కిలోమీటర్లు. పాత మోడల్‌లో అది 73 గళ్లు, కొత్తదాంట్లో దాదాపు 290. గడి పక్కలు సగమైతే గళ్లు నాలుగింతలవుతాయి, కాలపు అంగ కూడా సగమవ్వాలి. మొత్తం పని ఎనిమిదింతలు. ఈ లెక్కలు నడిపే ‘అర్క’ సూపర్ కంప్యూటర్ అవసరం అక్కడే వచ్చింది. అమెరికాలో పుట్టి ప్రపంచమంతా ఉచితంగా వాడుకునే డబ్ల్యూఆర్‌ఎఫ్ మోడల్‌ను మన వాతావరణ శాఖ 3 కిలోమీటర్ల గడితో కూడా నడిపింది.

అయినా గడి ఒక్కటే చాలదు. 1922లో అచ్చయిన తన పుస్తకంలో శాస్త్రవేత్త లూయిస్ రిచర్డ్‌సన్ ఇదే లెక్కను చేత్తో చేసి చూపాడు. ఆరు గంటల్లో పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని తేలింది. నిజానికి ఆ రోజు పీడనం ఇంచుమించు కదలనే లేదు. తప్పు సూత్రాలది కాదు, మొదట పెట్టిన కొలతలది. ఈ సంగతి నాకు సూపర్ కంప్యూటర్ వేగం కంటే పెద్దదిగా తోస్తుంది. ముఖేడ్‌లో కొలతల సంగతే చూడండి: హైదరాబాద్ రాడార్ అక్కడికి దాదాపు 180 కిలోమీటర్ల దూరం. భూమి గుండ్రం కనుక అంత దూరం వెళ్లేసరికి రాడార్ కిరణం నేలకు రెండు కిలోమీటర్ల పైనే పోతుంది, కింద జరిగేది దానికి అందదు. ఊళ్లో నిలబెట్టిన వానమాపకానికి విలువ అందుకే.

ఇంకొక్క మాట. వాన గడిలో పడుతుంది, నీరు మాత్రం వాగు వెంట పోతుంది. లెండి నది మంజీరలో, మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తాయి. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్‌లలోని మన తెలుగువాళ్లు వానాకాలంలో సొంత తాలూకా సూచన ఒక్కటే చూసి ఊరుకోవద్దు. ఎగువన ఉద్గీర్‌కు ఏ హెచ్చరిక ఉందో కూడా చూడండి. వాగు ఒడ్డున ఇల్లున్నవాళ్లు హెచ్చరిక ఉన్న రాత్రి సామాను పైకెత్తి, పశువుల పలుపులు విప్పి పడుకోండి.