రెండు వందల ఏడవ రాత్రి

కల కనుటకు గురువు అక్కరలేదు. పసిపాప మొదలు పండుముదుసలి వరకు అందరును కలలు కనుచునే యుందురు. కాని కల నడుచుచుండగనే, మేలుకొనకయే, “ఇది కల” అని గుర్తించుట వేరు సంగతి. కొందరికది జీవితములో ఒకటి రెండు మారులు అయాచితముగ లభించును. కావలెనని కోరువారు నేర్చుకొనవలెను. దానిని “ఎరుక గల కల” యనవచ్చును.

నేర్చు పద్ధతులు రహస్యములు కావు. నాలుగు పుటలలో వ్రాయదగినవే. చిక్కంతయు ఏ పదునైదవ దినముననో వచ్చును. మొదటి ఉత్సాహము ఆరిపోవును, ఫలము కనబడదు, కలలు వ్రాయుటకు తెచ్చిన నోటుపుస్తకము లెక్కల పుస్తకమైపోవును.

ఈ విషయమున మొదట తలపవలసినవాడు ఒక బాలుడు. 1822లో ఫ్రాన్సు దేశమున జన్మించిన హెర్వే ద సాన్ దెనీ ఇంటివద్దనే చదువుకొనుచు, పదుమూడవ యేట తన కలలను వ్రాసికొన నారంభించెను. వానికి బొమ్మలు గీసి రంగులద్దెను. కలలో ఎరుక అతనికి మొదట కలిగినది 207వ రాత్రి. రెండవసారి 214వ రాత్రి. పిమ్మట ఆరు మాసములు గడచుసరికి ఐదు రాత్రులలో రెండింటను, ఏడాది గడచుసరికి నాలుగింట మూడింటను అది అలవాటైపోయినది. మొత్తము 22 పుస్తకములు, 1946 రాత్రులు! 1867లో ఆ యనుభవములను తన పేరు వేసికొనకయే గ్రంథముగా ప్రకటించెను. తరువాత పారిస్ నగరమున చీనా భాషకు ఆచార్యుడయ్యెను. కలల శాస్త్రమునకు పేరుమోసిన ఫ్రాయిడ్ ఆ గ్రంథమును చూడగోరియు సంపాదింపలేకపోయెను.

207 రాత్రులనగా ఏడు మాసములకు దగ్గర. అంతకాలము ఆ పిల్లవాడెట్లు నిలిచెను? పుస్తకము మొదలిడినప్పుడు అతని ధ్యేయము ఎరుక కానేకాదు, బొమ్మ గీయుట. అది ఏ నాటి కానాడు తీరు ముచ్చట. ఉదయమున బొమ్మ పూర్తియైనచో ఆ దినమునకు రావలసిన కూలి వచ్చినట్లే. దూరమున నున్న ఫలమును చూచుచు నడచినవాడు కాడు గనుకనే అంతదూరము నడువగలిగెను.

కడప, కర్నూలు మండలములలో సాధన యనగానే పంతుళ్ళకు వేమన చెప్పిన వేపాకు జ్ఞప్తికి వచ్చును. ఆ యుపమానము ఇచ్చట పూర్తిగా అతుకదు. వేపాకు తినువానికి నాలుక ఏ రోజు కారోజు ఏదో యొకటి చెప్పుచుండును. వీణ నేర్చువానికి నేటి స్వరము నిన్నటికంటె మెరుగైనదో కాదో చెవికి తెలియును. కలల విద్యలో అట్టి కొలత లేదు. మొదటి రాత్రికిని 206వ రాత్రికిని పైకి భేదము కనబడదు. దీనికి తగిన పోలిక నల్లరేగడి సేద్యము. నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతపు మెట్టచేలలో ఏటి వాన సగటున సుమారు 700 మిల్లీమీటర్లకు మించదు. అదియు చెప్పిన వేళకు రాదు. తొలకరి మొదలు హస్తకార్తె వరకు రైతు గుంటక తోలుచు, గడ్డి చంపుచు, నేలలో పదును కాపాడుచు ఖాళీ చేనికే చాకిరి చేయును. త్రోవను పోవువానికి ఆ చేనిలో ఏమియు కనబడదు. పిమ్మట జొన్నయో శనగయో విత్తినచో, పైన చినుకు లేకున్నను దాచిన పదునుతోనే పైరు నిలుచును. చాలచోట్ల ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చినవి గాని ఈ లెక్క మారలేదు. వాన రైతు చేతిలో లేదు, గుంటక ఉన్నది.

కలల విద్యకు గుంటక నోటుపుస్తకమే. కలలు గుర్తుండవని చెప్పువారు సయితము లేచినవెంటనే కదలక పడుకొని, దొరికిన తునకను దొరికినట్లు వ్రాసినచో, కొన్ని వారములలో మరునాటికి నిలుచు కలల సంఖ్య పెరుగును. ఎరుక వచ్చినను రాకున్నను ఈ పెంపు మాత్రము కంటికి కనబడును, లెక్కింపవచ్చును. విసుగుకు ఇంతకంటె మంచి మందు లేదు. వ్రాసినవి నెలదినములు కూడగట్టి చదివినచో మరియొక సంగతి బయటపడును. ఒకరికి పరీక్షకు ఆలస్యమగుటయే మాటిమాటికి వచ్చును. ఒకరికి బస్సు తప్పిపోవును. ఒకరితో గతించిన తాతగారు వసారాలో కూర్చుండి మాటలాడుదురు. ఏది తిరిగి తిరిగి వచ్చునో అదే ఆ మనిషికి కల యొక్క ఆనవాలు. దానిని పగలు బాగుగా గుర్తుంచుకొన్నచో రాత్రి పట్టువడుటకు అవకాశము హెచ్చు.

కలకును దినచర్యకును గల సంబంధమునకు కడప సీమలోనే ఒక పాత నిదర్శనము కలదు. రాజంపేటకు సమీపమున నున్న తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యులు ఎనిమిదేండ్ల ప్రాయమున తిరుమలకొండ ఎక్కుచు అలసి నిద్రింపగా అలమేలుమంగ కలలో కనబడెనని ఆయన మనుమడు చిన్నన్న వ్రాసెను. అది ఎరుక గల కల యని ఎవరును చెప్పలేదు. చెప్పుటకు ఆధారమును లేదు. ఇచ్చట గమనింపదగినది వేరు. పదునారవ యేట 1424లో మొదలిడి 1503లో తనువు చాలించు వరకు, దినమునకొక సంకీర్తనకు తక్కువ గాకుండ ఆయన రచించెనని సంప్రదాయము. వానిలో పండ్రెండు వేలకు పైగా నేటికిని నిలిచియున్నవి. కల అడుగక వచ్చినది. దినమునకొక పాట మాత్రము ఎవరును ఆకాశమునుండి దింపలేదు.

ఇక పగటి సాధన. వ్రాసిన అక్షరములను ఒకసారి చదివి, చూపు మరల్చి, మరల చదువుమని ఒక నియమము. మెలకువలో అక్షరము మారదు. కలలో తరచు మారిపోవును. నల్లబల్ల ముందు నిలుచు పంతులుగారికి ఇంతకంటె సులభమైన పరీక్ష దొరకదు. అయితే దినమునకు ఇన్ని మారులని లెక్కపెట్టుకొని మొక్కుబడిగా చేసినచో అది హాజరుపట్టీ వంటిదగును. మనస్సు మామిడితోటలో నుండగా నోరు “ఉన్నానండీ” యనుట ఏ పిల్లవానికి తెలియదు? “ఇది కలయా?” యని నిజముగ సందేహించినవాడే ఆ సందేహమును కలలోనికి తీసికొనిపోగలడు. రోజునకు రెండు సార్లైనను చాలును.

రాత్రి సాధనకు రాయలసీమ వేసవి చాల అనుకూలమైనది. 1953లో చికాగో పరిశోధకులు నిద్రలో కనుగ్రుడ్లు వేగముగా చలించు ఘట్టములను కనుగొనిరి. స్పష్టమైన కలలు ఎక్కువగా ఆ ఘట్టములలోనే వచ్చును. అవి తెల్లవారుజామున దీర్ఘములగును. కావున ఐదు గంటలు నిద్రించి, లేచి, “మరల కల వచ్చినప్పుడు అది కల యని గుర్తింతును” అని సంకల్పించి తిరిగి నిద్రపోవలెనని పద్ధతి. ఎండకాలమున మిద్దెమీద పడుకొనువారికి ఈ మెలకువ దానంతటదియే వచ్చును: ఉక్కకు లేచి, ముంతెడు నీళ్ళు త్రాగి, చుక్కలు చూచి, వేకువ చల్లగాలికి మరల కన్ను మూయుదురు. ఆ రెండవ నిద్రయే సాధకునికి అదను. ఆ సంకల్పమైనను మంత్రము కాదు. సంతకు పోవుచు “తిరిగి వచ్చునప్పుడు ఉప్పు తేవలెను” అని మనస్సున ముడివేసికొనుట వంటిదే. 2017లో ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధనలో ఈ సాధనములను కలిపి వారము దినములు చేసినవారికి నూటికి 17 రాత్రులలో ఎరుక కలిగినది. సంకల్పము చెప్పుకొని ఐదు నిమిషములలోపుగా నిద్రపట్టినప్పుడు నూటికి 46. పండ్లు బిగించి ప్రయత్నించుచు మేలుకొనియుండుటకంటె హాయిగ నిద్రపోవుటయే మేలు చేసినదన్నమాట.

నేర్చినవారికిని అనావృష్టి తప్పదు. ఈ కలలకు ఆంగ్లమున పేరు నిలిపిన డచ్చి వైద్యుడు ఫ్రెడెరిక్ వాన్ ఏడెన్ 1898 మొదలు 1912 తుదివరకు పదునైదేండ్లలో తనకు కలిగినవి 352 అని 1913లో ప్రకటించెను. నెలకు రెండు! 2021లో అమెరికా, ఫ్రాన్సు, జర్మనీ, నెదర్లాండ్స్ దేశముల శాస్త్రజ్ఞులు కలలోనున్నవారికి చిన్న చిన్న లెక్కలిచ్చిరి. ఎనిమిదిలో ఆరు పోగా ఎంత యని అడుగగా, నిద్రలోనే కనుగ్రుడ్లను రెండుమారులు త్రిప్పి బదులిచ్చినవాడొకడు కలడు. ఆశ్చర్యమే, కాని ప్రశ్నించినది 158 మారులు, సరియైన సమాధానము వచ్చినది 29 మారులు. పేరుపొందిన ప్రయోగశాలలకే ఇంత దిగుబడి వచ్చినప్పుడు, ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో ఒక విద్యార్థి మూడువారములు వట్టిచేతులతో లేచినంతమాత్రమున తాను పనికిరానివాడనని తలంచుట అన్యాయము. మొదటి ఎరుక కలిగిన క్షణముననే సంతోషము పట్టలేక మేలుకొనుటయు సర్వసాధారణము. అది ఓటమి కాదు. దానిని పుస్తకమున ఎఱ్ఱసిరాతో వ్రాసికొనవచ్చును.

ఉపాధ్యాయులు పట్టించుకొనవలసిన సంగతి మరియొకటి కలదు. ఎదుగు వయస్సు పిల్లలకు ఎనిమిది మొదలు పది గంటల నిద్ర కావలెను. వేకువనే లేపి చదివించు వసతిగృహములలో అందులో ఎంత దక్కుచున్నదో అందరికిని తెలిసినదే. ఆ మిగిలిన నిద్రను గూడ చీల్చి కలలు వెదకుట ధాన్యపు విత్తును దంచుకొని తినుట వంటిది. పరీక్షల కాలమున నడిరేయి లేచు పద్ధతిని పూర్తిగా విడువవలెను. ఉదయపు వ్రాత మాత్రము సాగింపవచ్చును. కలకును నిజమునకును భేదము తెలియక బాధపడువారు వైద్యుని సలహా లేక దీని జోలికి పోరాదు. పీడకలలతో రాత్రి యనగా భయపడు పిల్లలకు మాత్రము ఈ విద్య ఉపకరింపవచ్చును. తరుముకొని వచ్చు ఎద్దును చూచి, ఇది కల యని తెలిసి, పరుగు ఆపి వెనుదిరిగి నిలుచుట చిన్న విషయము కాదు. ఈ దిశగా చికిత్సలు జరిగి కొంత సత్ఫలితము కనబడినది. అవి ఇంకను చిన్నపాటి ప్రయోగములే.

తరగతిలో తెలుగు స్వరచన కొరకు వారమునకొకసారి “ఈ వారపు కల” యని వ్రాయించిన పంతులుగారికి రెండు పనులు ఒకేసారి నెరవేరును. పిల్లవానికి తన పుస్తకము చదువువారొకరున్నారను ధైర్యము కలుగును. వాక్యము వ్రాయుటయు అలవడును. చెప్ప నిష్టము లేని కలను దాచుకొను స్వేచ్ఛ మాత్రము వానికి ఉండవలెను. ఆరంభించుటకు వేసవి సెలవులు మంచివి. పుస్తకము తలగడక్రింద నుండవలెను. పెన్సిలును దారముతో దానికే కట్టివేయుట మేలు. చీకటిలో మిద్దె అంచువరకు దొర్లిపోయిన పెన్సిలును వెదకి తెచ్చులోపల కల నిలువదు.