వైస్ సిటీ పుట్టింది అమెరికాల కాదు

మొన్న మా అక్క కొడుకు వైస్ సిటీ ఆడుకుంట అడిగిండు. "మామా, గీ ఆట అమెరికోళ్లదే గదా?" ఆటల ఊరు అమెరికాదే. చేసినోళ్లు మాత్రం స్కాట్లాండోళ్లు. నాకు గేములాడుడు రాదు గని ఎవలు చేసిండ్రో తెలుసుకునే పిచ్చి ఉన్నది. ఎన్కకు పోతే బీరతీగ లెక్క ఒకటికొకటి సుట్టుకున్నయి.

1982ల బ్రిటన్‌ల సింక్లేర్ కంపెనీ స్పెక్ట్రమ్ అని చిన్న కంప్యూటర్ తెచ్చింది. తక్కువ రకం 125 పౌండ్లు. టీవీకి తగిలిస్తే చాలు. ఆటలు టేప్ క్యాసెట్ల నుంచి ఎక్కేటివి, మనం పాటలు విన్న అసొంటి క్యాసెట్లే. ఇంట్ల కూసున్న పోరగాళ్లే ఆటలు రాసుడు షురూ చేసిండ్రు. మాథ్యూ స్మిత్ 1983ల 'మానిక్ మైనర్' రాసిననాడు ఇరవై ఏండ్లు కూడ లేవు. అది ముందుగాల లివర్‌పూల్‌ల బగ్-బైట్ కంపెనీ పేరు మీద ఒచ్చింది, తర్వాత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్స్ పేరు మీద. ఆట ఒక్కటే, లేబుళ్లు రెండు. చిక్కుముడి ఈడికెళ్లే మొదలు.

బగ్-బైట్‌ల పనిచేసిన మార్క్ బట్లర్, డేవిడ్ లాసన్ బయటికొచ్చి ఇమాజిన్ అని సొంత దుకాణం పెట్టిండ్రు. ఖరీదు కార్లు, పెద్ద పెద్ద ప్రకటనలు, మస్తు హంగామా. 1984 జులైల దివాళా! బీబీసోళ్లు ఆ కంపెనీ మీద సినిమా తీస్తున్నప్పుడే జప్తు చేసెటోళ్లు దిగిండ్రు. ఇమాజిన్ పేరును మాంచెస్టర్‌ల ఉండే ఓషన్ కంపెనీ కొనుక్కున్నది. అంటే ఆ తర్వాత డబ్బా మీద 'ఇమాజిన్' అని కనవడితే లివర్‌పూలోళ్లు చేసిండ్రనుకోవద్దు. పేరు ఒక దిక్కు, మనుషులు ఇంకో దిక్కు. కొందరు పనోళ్లు డెంటన్ డిజైన్స్ పెట్టుకున్నరు. ఇమాజిన్‌ల పెద్ద కొలువు చేసిన ఇయాన్ హెదరింగ్టన్ ఇంకొకాయనతోటి కలిసి సిగ్నోసిస్ లేపిండు. 1993ల దాన్ని సోనీ కొన్నది.

గీ సిగ్నోసిసే 1991ల 'లెమ్మింగ్స్' అమ్మింది. చేసింది మాత్రం స్కాట్లాండ్‌ల డండీ ఊరి డీఎంఏ డిజైన్. డండీనే ఎందుకంటరా? స్పెక్ట్రమ్‌లు బిగించింది ఆ ఊర్ల టైమెక్స్ ఫ్యాక్టరీలనే. డీఎంఏ పెట్టిన డేవిడ్ జోన్స్ కూడ ఆడ పనిచేసినోడే. కొలువు ఇడిసిపెట్టినప్పుడు ఒచ్చిన పైసలతోని అమిగా కంప్యూటర్ కొనుక్కొని ఆటలు రాసిండు. 1997ల 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో' చేసింది గీ డీఎంఏనే. చేతులు మారి మారి అదే రాక్‌స్టార్ నార్త్ అయింది, మకాం ఎడిన్‌బరోకు మారింది. 2002ల వైస్ సిటీ ఆన్నుంచే ఒచ్చింది.

గీ ముచ్చట మొత్తం ఇని మా అల్లుడు అడిగిండు, "మరి గా ఫ్యాక్టరీల బిగించినోళ్ల సంగతేంది మామా?"

వాళ్లల్ల ఎక్కువ మంది ఆడోళ్లే. 1993ల పని నుంచి తీసేసుడు, జీతాలు పెంచకపోవుడు మీద సమ్మె చేసిండ్రు. మేనేజ్‌మెంట్ 300 మందికి పైగ పనోళ్లను ఒక్కపారి తీసేసి, బయటి మనుషులను బస్సులల్ల తోలుకొచ్చింది. గేటు కాడ నెలల తరబడి నిలవడి కొట్లాడిండ్రు. గదే ఏడు ఆగస్టుల ఫ్యాక్టరీకి తాళం పడ్డది.