విద్యుత్తును కొలుచు పెట్టె

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో బోరుబావి లేని పల్లె అరుదు. బోరుబావి ఉన్నచోట మోటారును, మోటారు ఉన్నచోట స్టార్టరు పెట్టెయు, ఆ పెట్టెను విప్పి చూడవలెనను పడుచువాడొకడును ఉందురు. పారిశ్రామిక శిక్షణ సంస్థలో చేరిన మనుమడో, పాత రేడియోలను విప్పుచు తనంతట తాను నేర్చుకొనుచున్న మేనల్లుడో ఒకనాడు ఒక పెట్టెను తెచ్చి బల్లపై పెట్టి, దీనిని మల్టీమీటరందురని చెప్పును. అది ఏమి చేయునో, ఎట్లు వాడిన మేలో, ఎట్లు వాడిన కీడో ఇంటి పెద్దకు తెలిసియుండుట మంచిది. ఏలయనగా పాము బుసకొట్టును, నిప్పు పొగరాజును, కాని విద్యుత్తు పారుచున్న తీగ ఏ గురుతును ఇయ్యదు.

ఈ సాధనము పుట్టుటకు కారణము ఒక పనివాని విసుగు. బ్రిటిష్ తపాలా శాఖలో ఇంజనీరుగా నుండిన డొనాల్డ్ మెకాడీ అనునాయన తంతి పనికి పోవునపుడెల్ల వేరువేరు కొలతలకు వేరువేరు మీటర్లను మోయవలసివచ్చెడిది. ఆయన మూడు కొలతలను ఒకే పెట్టెలో ఇమిడ్చెను. అది 1923లో ఏవో మీటరను పేర అమ్మకమునకు వచ్చినది. ఆంపియరు, వోల్టు, ఓమ్ అను మూడు మాటల మొదటి అక్షరములే ఆ పేరు.

ఆ మూడు మాటల అర్థము చెరువు క్రింద సేద్యము చేసినవారికి సులభముగా తెలియును. పానగల్లు ఉదయసముద్రమును గాని, కోయిల్‌సాగరును గాని తలచుకొనుడు. కట్టవెనుక నీరు ఎంత ఎత్తున నిలిచిన, తూమువద్ద అంత ఒత్తిడి ఉండును. విద్యుత్తులో ఆ ఒత్తిడికి వోల్టేజి అని పేరు, దాని కొలత వోల్టు. కాలువలో పారు నీటి పరిమాణము వంటిది కరెంటు, దాని కొలత ఆంపియరు. పూడికయు తుంగయు నీటిని అడ్డగించునట్లు ప్రవాహమును అడ్డగించు గుణమునకు నిరోధమని పేరు, దాని కొలత ఓమ్. ఈ మూటికి గల సంబంధమును జర్మనీ దేశీయుడగు గేయార్గ్ ఓమ్ 1827లో ప్రకటించెను. వోల్టులను ఓములచే భాగించిన ఆంపియరులు వచ్చును.

ఇక కొలుచు విధము. మీటరుకు నల్లతీగ, ఎర్రతీగ అని రెండుండును. నల్లతీగ ఎల్లప్పుడును కామ్ అని వ్రాసిన రంధ్రములోనే ఉండును. వోల్టులను కొలుచుటకు తీగలను తెంపనక్కరలేదు. రెండు మొనలను రెండు చోట్ల తాకించిన, ఆ రెంటి నడుమనున్న ఒత్తిడి భేదమును మీటరు చూపును. బ్యాటరీ కైనచో డీసీ, ఇంటి కరెంటు కైనచో ఏసీ అను గురుతువద్ద మీటరును నిలుపవలెను. ఎంత వచ్చునో తెలియనపుడు పెద్ద కొలతతో ప్రారంభించి క్రిందికి దిగవలెను.

కరెంటును కొలుచుట వేరు. కాలువ నీరంతయు కొలతగుంట గుండా పోయిన గాని లెక్క తెలియదు. అట్లే తీగను ఒకచోట విప్పి, ఆ రెండు కొనల నడుమ మీటరును చేర్చవలెను. దీనికై ఎర్రతీగను వేరు రంధ్రమునకు మార్చవలెను. పని ముగియగనే దానిని మరల వోల్టు రంధ్రమునకు తేవలెను. ఇది మరచి మొనలను బ్యాటరీ రెండు కొనలకు తాకించినచో, కరెంటు దారిలో మీటరుకు అడ్డు దాదాపు లేదు గనుక, తూము తలుపు పెరికినట్లగును. అప్పుడు ఫ్యూజు కరగి మీటరును కాపాడును. ఫ్యూజు బదులు రాగితీగ చుట్టియుండిన మీటరు కాలును, చేయియు కాలవచ్చును.

నిరోధమును కొలుచునపుడు విద్యుత్తు బొత్తిగా ఉండరాదు. మీటరు తన స్వల్పమైన కరెంటును తానే పంపి అడ్డును లెక్కించును. ఒక ఫేజు మోటారులో కండెన్సరు ఉండును. స్విచ్చి ఆర్పిన పిమ్మటను అది విద్యుత్తును దాచుకొనియుండవచ్చును గనుక, మొదట దానిపై వోల్టులు లేవని తెలిసికొనవలెను.

నేర్చుకొనువాడు 12 వోల్టుల బ్యాటరీతో ప్రారంభించుట క్షేమము. నిండిన బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నపుడు సుమారు 12.6 వోల్టులు చూపును. అయినను పాత బ్యాటరీ ఊరకున్నపుడు నిండుగా కనబడి, దీపము తగిలించగనే కూలబడవచ్చును. ఎద్దు బలము బండి కట్టిన పిమ్మటనే తెలియును గదా. ఆ బ్యాటరీకి 1000 ఓముల రెసిస్టరును, ఒక చిన్న ఎర్ర ఎల్‌ఈడీ దీపమును వరుసగా కలుపవలెను. దీపము సుమారు 2 వోల్టులను తీసికొనును. మిగిలిన 10 వోల్టులకు పైచిలుకును 1000 చే భాగించిన, ఆంపియరులో నూరవవంతు వచ్చును. ఈ లెక్కను ముందుగా కాగితముపై వ్రాసి, ఆ తరువాత మీటరు చూడవలెను. రెండును సరిపోయిన విద్య పట్టుబడినట్లు. సరిపోకున్న తప్పు లెక్కలోనో, అతుకులోనో వెదకవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యిది. మీటరు సున్న చూపినంత మాత్రమున తీగలో విద్యుత్తు లేదని నమ్మరాదు. మీటరు తీగ లోపల తెగియుండవచ్చును, మొన సరిగా తగలకపోవచ్చును, గురుతు తప్పుచోట ఉండవచ్చును. అందుచే మూడుసార్లు కొలువవలెను. విద్యుత్తు ఉన్నదని తెలిసిన చోట మొదట కొలిచి, మీటరు పనిచేయుచున్నదని చూడవలెను. తరువాత ముట్టవలసిన తీగను కొలువవలెను. పిమ్మట మొదటి చోటనే మరల కొలువవలెను. మూడవ కొలత మానినవాడు తన ప్రాణమును మీటరు తీగకు అప్పగించినవాడగును. దీనికి విరుద్ధముగా, విడిగానున్న తీగ ప్రాణమున్న తీగ పక్కన పడియుండిన, మీటరు లేని వోల్టులను కొన్నిటిని చూపుటయు కలదు. అపుడు విద్యుత్తు ఉన్నదనియే భావించి దూరముండుట మేలు.

బల్లపై నిలుచు మీటరు చిన్న పనులకు ఏర్పడినది. దానిని పొలమునకు మోయరాదు. ఇంటి కరెంటు సుమారు 230 వోల్టులు, మోటారుకు వచ్చు మూడు ఫేజులలో ఏ రెంటి నడుమనైనను సుమారు 400 వోల్టులు. తడినేలపై నిలిచి స్టార్టరు పెట్టెను కొలుచుట నేర్చుకొనువాని పని కాదు. అది తగిన చేతిమీటరు గల శిక్షితుని పని.

హైదరాబాదులో 1967లో డాక్టరు ఏ. ఎస్. రావు సారథ్యమున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వెలసినది. ఎలక్ట్రానిక్సు మన తెలుగువారికి పరాయి విద్య కాదు. కావున పిల్లవానిని అదలించి పెట్టెను అటకపై పెట్టింపకుడు. ఎర్రతీగ ఏ రంధ్రములో నున్నది, ఫ్యూజు సరియైనదేనా, ఎంత వచ్చునని లెక్క వేసితివి, మూడవసారి కొలిచితివా అని నాలుగు ప్రశ్నలడుగుడు. తడుముకొనక బదులు చెప్పినచో పని సాగనిండు. తడుముకొన్నచో స్విచ్చి ఆర్పింపుడు.