సభలకు పోవు సిబ్బంది – సెలవు, జీతము

రైతులు ఎరువులకై వచ్చిన దినముననే సంఘపు గుమాస్తా రాజకీయసభకు పోయినచో పాలకవర్గ మేమి చేయవలెను? అది ఏ పక్షపు సభయో విచారించుట మన పని కాదు. సెలవు గైకొనెనా లేదా యనునదియే చూడవలెను. ముందుగా అర్జీ పెట్టుకొని, సెలవు మిగిలియున్నవానికి దాని నిచ్చి, ఆనాటికి వేఱొకరిని పనిలో నిలుపుట మేలని మా అభిప్రాయము.

చెప్పక పోయినవానికి ఆనాటి జీతమును తగ్గింపవచ్చును. పని మానిన కాలమునకు మించి కోయరాదనుట 1936 నాటి వేతన చెల్లింపు చట్టములోని సూత్రము. 2019 నాటి వేతన స్మృతియు దానినే గైకొన్నది. పదిమంది గాని అంతకు మించి గాని కూడబలుకుకొని, తగిన కారణము లేక, నోటీసు నీయక మానినచో, ఉద్యోగపు ఒప్పందములో నట్లున్నయెడల, ఎనిమిది దినముల జీతమువఱకు కోయుటకు వీలు కలదు.

ఓటు దినము సంగతి వేఱు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ననుసరించి, పని మానిన అపాయమో గొప్ప నష్టమో కలుగు చోట్ల తప్ప, ఓటు గల ఉద్యోగికి ఆనాడు జీతముతో సెలవీయవలెను. సభకు పోవువానికి ఆ చట్టమున నట్టి హక్కు లేదు.

కావున సెలవు నియమములను ముందే తీర్మానించి, హాజరుపట్టీ చెంత నంటింపుడు. మన పక్షమువానికి ఉపేక్షయు, ఎదుటిపక్షమువానికి కోతయు నైనచో సంఘము చీలును, నష్టపడువాడు రైతే.