మండుటెండలో మట్టి లేని పంట

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు అడిగినప్పుడు మొదట కవిత రాద్దామనుకున్నాం. కానీ మన హాస్టల్లో కవితలకు కొదవ లేదు. మేము చేసిన ఒక పని గురించి, అందులో తిన్న దెబ్బ గురించి, దాని వల్ల తెలుసుకున్న సంగతుల గురించి రాస్తే పదిమందికి ఉపయోగపడుతుందనిపించింది. అందుకే ఈ వ్యాసం.

మేము ముగ్గురం ఈ హాస్టల్లోనే చదువుకున్నాం. ఇప్పుడు వృక్షశాస్త్రంలో పీజీ చేస్తూ కర్మన్‌ఘాట్‌లో ఒక ఇంటి మూడో అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. మా మూడిళ్లలోనూ డిగ్రీ దాటిన మొదటివాళ్లం మేమే. మూడిళ్లలోనూ గుంటెడు భూమి లేదు. అమ్మానాన్నలు ఇతరుల చేలల్లో కూలికి వెళ్లేవాళ్లే. కాబట్టి 'పొలం లేకుండా పంట' అన్న మాట మమ్మల్ని ఎంతగా ఆకర్షించిందో వేరే చెప్పనక్కరలేదు.

హైడ్రోపోనిక్స్ అంటే ఏమిటి?

మొక్కకు మట్టే కావాలని లేదు. మట్టిలోంచి అది తీసుకునే నీరు, పోషక లవణాలు, వేర్లకు గాలి అందితే చాలు. ఆ లవణాలను నీళ్లలో కరిగించి, ఆ నీటిని వేర్లకు అందిస్తూ పంట పండించడమే హైడ్రోపోనిక్స్. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విలియం గెరికి 1930ల్లో ఈ పద్ధతికి ప్రచారం తెచ్చారు. మన దేశంలో 1946లో షాల్టో డగ్లస్ అనే ఆయన బెంగాల్‌లోని కాలింపాంగ్‌లో, పేదవాళ్లు కూడా తక్కువ ఖర్చుతో చేసుకునేలా దీని మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. మన హైదరాబాద్‌లో 2017లో మొదలైన అర్బన్ కిసాన్ సంస్థ వల్ల గదిలో అరల మీద ఆకుకూరలు పెంచవచ్చని చాలామందికి తెలిసింది.

మేము మా గది పక్కనున్న చిన్న గదిని కూడా అద్దెకు తీసుకున్నాం. పీవీసీ పైపులు, 60 లీటర్ల డ్రమ్ము, చిన్న మోటరు, 40 వాట్ల ఎల్ఈడీ లైట్లు ఆరు కొన్నాం. మాలో ఒకరి అమ్మ చిట్టీ ఎత్తి ఇచ్చిన 15 వేలు ఇందులోనే పెట్టాం. ఫిబ్రవరిలో వేసిన లెట్యూస్ బాగా వచ్చింది. మార్చిలో కోసి అమ్ముకున్నాం. ఆ ధైర్యంతో ఏప్రిల్‌లో రెట్టింపు మొక్కలు పెట్టాం. మూడో వారంలో ఒక మధ్యాహ్నం గది తలుపు తీస్తే ఆకులన్నీ వేలాడిపోయి ఉన్నాయి. పైపు మూత తీస్తే తెల్లగా ఉండాల్సిన వేర్లు గోధుమ రంగులోకి మారి, జిగటగా, కుళ్లు వాసన కొట్టాయి. గదిలో వేడి 38 డిగ్రీలు, డ్రమ్ములో నీళ్లు 33 డిగ్రీలు. నాలుగు రోజుల్లో పంట మొత్తం పోయింది. అమ్మకు ఫోన్ చేసి చెప్పడానికి మాకు వారం పట్టింది.

నీళ్లలో ఉన్నా మొక్క ఎందుకు వాడిపోయింది?

వేర్లు నిండా నీళ్లలో ఉన్నాయి కదా, మరి ఎందుకు వాడాయి? ఈ ప్రశ్నకు జవాబు మా పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. పరీక్ష కోసం చదివాం గానీ పనిలో పెట్టలేదు.

వేర్లు కూడా ఊపిరి పీల్చుకుంటాయి. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌తోనే అవి బతుకుతాయి. నీరు వేడెక్కితే అందులో ఆక్సిజన్ నిలవదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 33 డిగ్రీల దగ్గర అది సుమారు 7.2 మిల్లీగ్రాములకు పడిపోతుంది. అదే సమయంలో, వేడి 10 డిగ్రీలు పెరిగితే వేర్లకు కావలసిన ఆక్సిజన్ దాదాపు రెట్టింపవుతుంది. ఎండాకాలంలో మన హాస్టల్ ట్యాంకును గుర్తు చేసుకోండి. స్నానాలు చేసేవాళ్లు ఎక్కువ, వచ్చే నీళ్లు తక్కువ. వేర్ల పరిస్థితీ అంతే. ఊపిరాడని వేరు నీటిని పైకి పంపలేదు. అలా నీరసించిన వేరును పిథియం అనే సూక్ష్మజీవి పట్టుకుని కుళ్లబెడుతుంది. మా పంటను తిన్నది అదే.

అంటే మేము గది వేడి గురించి భయపడ్డాం గానీ, ముందు చూడాల్సింది డ్రమ్ములోని నీటిని. లెట్యూస్‌కు నీరు 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. 25 దాటితే జాగ్రత్తపడాలి.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

మొదటిది స్లాబు. పగలంతా ఎండను తాగిన కాంక్రీటు సాయంత్రం నుంచి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. పై అంతస్తులో పడుకున్నవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. రెండోది లైట్లు. ఎల్ఈడీ చల్లగా ఉంటుందని మేము అనుకునేవాళ్లం. కానీ లైటు తీసుకునే కరెంటు దాదాపు అంతా చివరికి గదిలో వేడిగానే మారుతుంది. మా ఆరు లైట్లు కలిపి 240 వాట్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. అంటే మా లైట్లు వెలిగితే ఆ చిన్న గదిలో ఇద్దరికి పైగా మనుషులు తలుపులు వేసుకుని కూర్చున్నట్టే. మూడోది బయటి గాలి. బయట 41 డిగ్రీలున్నప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే ఆ 41 డిగ్రీల గాలే లోపలికి వస్తుంది.

మేము చేసిన మార్పులు

ఏసీ పెట్టమని చాలామంది సలహా ఇచ్చారు. ఒక టన్ను ఏసీ ఆగకుండా నడిస్తే గంటకు సుమారు ఒక యూనిట్ కాలుతుంది. రోజుకు పది గంటలంటే నెలకు 300 యూనిట్లు. మా పంట ఆ బిల్లును మోయలేదు. కాబట్టి డబ్బు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పనులు ముందు చేశాం.

ఒకటి, డ్రమ్మును కిటికీ పక్క నుంచి తీసి నీడలో ఇటుకల మీద పెట్టి, చుట్టూ థర్మోకోల్ షీట్లు కట్టాం. వెలుతురు పడకపోతే నీటిలో పాకురు కూడా పట్టదు.

రెండు, మధ్యాహ్నం డ్రమ్ములో గడ్డకట్టిన లీటరు నీళ్ల సీసాలు నాలుగు వేశాం. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడిని అది డ్రమ్ములోని నీటి నుంచే లాక్కుంటుంది. లెక్క ప్రకారం 60 లీటర్ల నీరు 32 నుంచి 25 డిగ్రీలకు దిగాలి. మాకు 26 దాకా వచ్చింది. సీసాల మూతలు మాత్రం తీయవద్దు. లేకపోతే పోషకాలు పలచబడతాయి. మాకు ఫ్రిజ్ లేదు. కింద ఉండే ఓనరు ఆంటీ తమ ఫ్రిజ్‌లో చోటిచ్చారు.

మూడు, చేపల తొట్టికి వాడే గాలి మోటరు డ్రమ్ములో పెట్టాం. వేడి వల్ల తగ్గిన ఆక్సిజన్‌ను ఇది వీలైనంత నింపుతుంది.

నాలుగు, లైట్లు పగలు కాకుండా రాత్రి 10 నుంచి ఉదయం 10 దాకా వేశాం. మొక్కకు కావలసింది వెలుతురు గంటలే గానీ గడియారం కాదు. ఆ సమయంలో బయటి గాలి చల్లగా ఉంటుంది కాబట్టి ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా పనికొస్తుంది. ఫ్యాను గోడ పైభాగంలో, గాలి వచ్చే దారి కింద ఉండాలి.

ఐదు, పగటికి పాత కూలర్ పెట్టాం. ఇక్కడ మరో తప్పు చేశాం. చల్లదనం బయటికి పోకూడదని కిటికీలు మూసేశాం. రెండు రోజుల్లో గది ఆవిరి గదిలా తయారైంది. గాలిలో తేమ నిండితే ఆకుల నుంచి నీరు ఆవిరి కాదు. నీటి ప్రవాహం ఆగితే లేత ఆకుల కొసలకు కాల్షియం అందక అవి మాడిపోతాయి. కూలర్ బయటి పొడి గాలిని లాగాలి, అదే గాలి మరో కిటికీ నుంచి బయటికి పోవాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల వేడిలో తేమ 20 శాతమే ఉంటే, మంచి కూలర్ గాలిని 27 డిగ్రీల దాకా దించగలదు. వానాకాలంలో తేమ పెరిగాక దాని వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు.

ఆరు, ఓనరును అడిగి మిద్దె మీద రెండు పూతలు సున్నం వేశాం. తెల్లటి పైకప్పు ఎండను వెనక్కి పంపుతుంది. దీనివల్ల లోపలి వేడి 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గవచ్చని అంచనా.

ఇంకో చిన్న మాట. వేడిలో మొక్క లవణాల కంటే నీటిని ఎక్కువ తాగుతుంది. దాంతో డ్రమ్ములో మిగిలిన నీరు చిక్కబడుతుంది. కాబట్టి ఎండాకాలంలో పోషకాలు కొంచెం పలచగా కలపాలి, తగ్గిన మేరకు రోజూ మంచినీళ్లు పోయాలి.

లాభమా, నష్టమా?

ఇవన్నీ చేశాక మే నెలలో వేర్లు తెల్లగా నిలబడ్డాయి. అయితే లెట్యూస్‌ను మళ్లీ పెట్టలేదు. అది చలికాలపు పంట. వేడికి పూత కొమ్మ వేసి చేదెక్కుతుంది. దాని బదులు తోటకూర, బచ్చలి పెట్టాం. ఎండకు ఏ కూర నిలుస్తుందో మా అమ్మలకు ముందే తెలుసు. అడగాలని మాకే తోచలేదు. కానీ తోటకూర కట్ట ధర మీకు తెలిసిందే. లైట్లకే నెలకు 86 యూనిట్ల పైన కాలుతుంది. అందుకే ఇప్పుడు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మాత్రమే లెట్యూస్, ఎండాకాలంలో వరండాలో నీడ వల కింద ఆకుకూరలు వేస్తున్నాం. అమ్మ చిట్టీ డబ్బులో సగమే తిరిగి ఇవ్వగలిగాం. మిగతా సగం ఈ చలికాలం పంట మీద ఉంది.

తమ్ముళ్లారా, గదిలో పంటతో లక్షలు వస్తాయని ఎవరైనా చెబితే, మే నెలలో డ్రమ్ములో నీళ్లు ఎన్ని డిగ్రీలుంటాయి, కరెంటు బిల్లు ఎంత వస్తుంది అని ముందు అడగండి. ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పలేనివాళ్లకు ఇంట్లో డబ్బు తెచ్చి ఇవ్వకండి.

చివరిగా మన హాస్టల్ గురించి ఒక మాట. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ప్రభుత్వ భవనాలకు చల్లటి పైకప్పు తప్పనిసరి అని అందులో ఉంది. మొక్కల కోసం మేము సున్నం వేసిన రోజు, ఇదే పని మనం పడుకున్న పై అంతస్తు హాలుకు ఎప్పుడో చేసి ఉంటే ఎంత బాగుండేదో కదా అనుకున్నాం. వచ్చే వేసవికి ముందే ఆ పని చేయించమని వార్డెన్ సార్‌కు దరఖాస్తు ఇస్తున్నాం. నిధులు ఆలస్యమైతే సున్నం, కుంచెలు మేమే తెస్తాం. పూర్వ విద్యార్థులంతా ఒక ఆదివారం వస్తే సరిపోతుంది. పదో తరగతి పరీక్షలకు చదివే తమ్ముళ్లకు ఆ నాలుగు డిగ్రీలు తగ్గడం చిన్న సంగతి కాదని మీకందరికీ తెలుసు.